చుక్క గుండ్రంగానే ఉంది

షెఫీల్డ్,
మార్చి

గిరిజకు,

నా ఏకైక మరదలికి, కార్డిఫ్‌లో సగం మంది ముక్కుల మీద కళ్లద్దాలు నిలబెట్టిన ఘనురాలికి, బావ కిషన్‌రావు దీవెనలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. మా ఇంట్లో ఫోన్ ఎవరు ఎత్తినా చివరికి మీ అక్క వినోద చేతికే పోతుంది, అక్కడి నుంచి స్పీకర్ మీదికి ఎక్కుతుంది. ఇది మీ అక్క వినకూడని సంగతి. నా చేతిరాతతో భయం లేదు, అది డాక్టరు రాత. పెళ్లైన కొత్తలోనే చదవడం మానేసింది. నువ్వు మాత్రం జవాబు మీ షాపు కవరులో పెట్టి పంపు. కళ్లద్దాల ప్రకటన అనుకుని నా బల్ల మీద పడేస్తుంది.

సంగతి ఆర్థర్ రైఫిల్ గురించి. ఆర్థర్ గుర్తున్నాడు కదా, మా అమ్మాయి పెళ్లిలో భక్ష్యాలు వరస పెట్టి తిన్న సర్జన్. ఉద్యోగమంతా అతను కోయడం, నేను మత్తివ్వడం. పోతూ పోతూ తన జోడు గొట్టాల రైఫిల్ నా పేర రాశాడు. ఏటా అక్టోబరులో మా క్లబ్బులో అతని పేరు మీద ఒక పోటీ పెడతారు. పట్టాల మీద చెక్క జింక ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడుతుంది. అది దాటిపోయేలోగా కుడి గొట్టం ఒకసారి, ఎడమ గొట్టం ఒకసారి పేల్చాలి. అతని భార్య మార్గరెట్ మడతకుర్చీ వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని చూస్తుంది. పోయినేడు నా రెండు తూటాలూ వెనకున్న మట్టికట్టలోకి పోయాయి. ఆమె లేచి నాకు టీ పోసింది. ఆ మర్యాద నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

తప్పు రైఫిల్‌ది కాదు. పాతకాలపు రైఫిల్‌లో గురి చూడడానికి కంటి దగ్గర ఒక గాడి, గొట్టం కొసన ఒక పూస ఉంటాయి. గాడి, పూస, దూరాన జింక, మూడూ ఒక వరుసకు రావాలి. ఇప్పుడు నాకు గాడి కనబడితే పూస ఉండదు, పూస కనబడే వేళకు జింక ఉండదు. దీనికి మందు ఎర్రచుక్క సైటు అంటున్నారు. చిన్న అద్దం, దానిలో బ్యాటరీతో వెలిగే ఎర్రటి చుక్క. రెండు కళ్లూ తెరిచి, చుక్కను జింక మీద పెట్టి పేల్చడమే.

సైటు కొంటున్నానని మీ అక్కకు తెలుసు. కనబడక కొంటున్నానని తెలియదు. అద్దం మీద ఎర్రచుక్క అని చెప్పగానే, "దానికి దుకాణం దాకెందుకు, మన బాత్రూం అద్దం పొంటి అన్నీ అయ్యే గద" అంది. స్నానానికి ముందు తీసి అంటించే బొట్టుబిళ్లల సంగతి.

దుకాణంలో మూడు రకాలు చూపించారు. ఒకటి తెరిచిన అద్దం, నలుసంత. ఒకటి నాలుగు వైపులా మూసిన పెట్టె. ఇంకొకటి పొట్టి గొట్టం. చుక్కలోనూ చిన్నదీ పెద్దదీ ఉన్నాయి. ఈ రైఫిల్ పేలినప్పుడు వెనక్కి బాగా తంతుంది కాబట్టి సైటు ఆ దెబ్బకు తట్టుకోవాలి, బరువు ఉండకూడదు, గొట్టాలకు అంటుకున్నంత కిందికి కూర్చోవాలి. ఆర్థర్ రైఫిల్‌కు కొత్త చిల్లు మాత్రం వేయనివ్వను. చూపు విషయం నీ చదువు కాబట్టి ఏది కొనాలో చెప్పు. ఈసారి కూడా గురి తప్పితే రైఫిల్‌ను క్లబ్బుకు అప్పగించేద్దామని నిశ్చయించుకున్నాను.

బావ

---

కార్డిఫ్,
మార్చి ఆఖరు

పూజ్యులైన మత్తుడాక్టరు బావగారికి,

మీ ఉత్తరం అందింది, అర్థం చేసుకోవడానికి శనివారమంతా పట్టింది. మా ఫార్మసీ అమ్మాయిని సాయం అడిగాను. "ఇది యాంటిబయాటిక్ అనుకుంటా" అంది.

కోరినట్టే షాపు కవరులో పంపుతున్నాను. ఇన్నేళ్లుగా మీతో బావామరదళ్ల సరసం తప్ప వేరే పని పెట్టుకోలేదు కదా అనుకున్నాను, ఇప్పుడు దొంగ ఉత్తరాల దాకా వచ్చాం. మా హాసిని చూసి, "మమ్, ఆర్ యూ ఇన్ ఎ స్పై థింగ్?" అని అడిగింది. అవునన్నాను.

ఇక సైటు. వయసు మీద పడ్డ కన్ను దగ్గరికీ దూరానికీ మధ్య తిరగలేదు. గాడి, పూస, జింక మూడూ మూడు దూరాల్లో ఉంటాయి కాబట్టే మీకు ఆ కష్టం. ఎర్రచుక్కలో ఉన్న సుఖమేమిటంటే, అద్దం దగ్గరలోనే ఉన్నా చుక్క మాత్రం జింక ఉన్న దూరంలోనే ఉన్నట్టు కనబడుతుంది. కన్ను ఒకచోట నిలిస్తే చాలు. మీరు కదిలే వస్తువుని కొడుతున్నారు కాబట్టి చుట్టూ అంచులు అడ్డుపడని తెరిచిన అద్దం మేలనిపిస్తుంది. వాన పడితే పెట్టె మేలు. మీ యార్క్‌షైర్ సంగతి మీకే తెలియాలి.

కొనే ముందు ఒక్కటి చేయండి. దుకాణంలో గోడకేసి చూసి, చుక్క ఏ ఆకారంలో కనబడుతోందో నాకు రాయండి. గుండ్రంగా ఉందా, ఇంకోలా ఉందా అన్నది నాకు కావాలి. దానితోపాటు ఇంకొకటి. మీరు కళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారు? అరవై దాటినవాళ్లకు అది ఉచితం. ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా తప్పించుకుంటారని కూడా నాకు తెలుసు.

అక్కకు ముద్దులు. ఆమెకు చెప్పలేరు కాబట్టి మీరే దాచుకోండి.

గిరిజ

---

షెఫీల్డ్,
మే

గిరిజా,

ఈ దేశంలో సరుకు తయారీ ఏ గతికి పోయిందో నీకు చెప్పి తీరాలి.

తెరిచిన అద్దం తెచ్చాను. చుక్క అని డబ్బా మీద ఉంది. లోపల ఉన్నది పండుమిరపకాయ. తోక కూడా ఉంది, ఎడమవైపు వంగి. తీసుకుపోయి వాపసు ఇచ్చాను. దుకాణదారు అటూ ఇటూ తిప్పి చూసి, తనకు బాగానే కనబడుతోందన్నాడు. అమ్మేవాడికి ఎప్పుడు బాగా లేదు? మూసిన పెట్టె తెచ్చాను. దానిలో రెండు కందిగింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మొన్న పొట్టి గొట్టం తెచ్చాను. అది మళ్లీ మిరపకాయే, కాకపోతే తొడిమ పైకి. మూడు కంపెనీలూ ఒకే తప్పు చేశాయంటే ఎక్కడో ఒకే ఫ్యాక్టరీలో చేయించుకుంటున్నారని నా అనుమానం. చేతిలో మిరపకాయలతో నేను జింకను ఎట్లా కొట్టేది, దాని కూరకు తాలింపు పెట్టేందుకైతే సరిపోతాయి.

మంచి కబురు కూడా ఉంది. చిల్లు వేయకుండా సైటు నిలబెట్టే మార్గం దొరికింది. పాత గాడి పలకను పక్కకు జరిపి తీస్తే దాని కింద ఒక పల్లం ఉంటుంది. అదే పల్లంలోకి దిగే చిన్న పీట ఒకటి చేయించాను. కావాలనుకున్నప్పుడు పీట తీసి పాత పలక పెట్టేయొచ్చు. ఆర్థర్ ఎప్పుడైనా వచ్చి చూసినా కోపగించుకోడు. అమర్చుకుని అద్దం ముందు భుజానికెత్తి చూసుకున్నాను. మీ అక్క తలుపు దగ్గర నిలబడి, "ఇగ నాటకాలల్ల ఏషాలే తక్కువ" అని వెళ్లిపోయింది.

మెంతికూర ఈసారి పెరట్లో బాగా వచ్చింది. మీ అక్క ప్యాకెట్ కట్టి పంపుతుంది. కౌన్సిల్ వాళ్లు మా వీధి చెట్లు కొట్టేస్తామని కాగితం అంటించారు. ఎవరూ ఊరుకోరు కాబట్టి ఏమీ జరగదు. నువ్వు అడిగినవన్నీ రాసినట్టే. ఏ సైటు కొనాలి?

బావ

---

కార్డిఫ్,
మే

బావగారికి,

మెంతికూర అందింది. పప్పులో వేశాను, హాసిని రెండుసార్లు పెట్టించుకుంది.

కొత్త సైటు కొనకండి, తెచ్చినది ఇంకా వాపసు కూడా ఇవ్వకండి. పొట్టి గొట్టాన్ని బల్ల మీద పుస్తకాల మధ్య కదలకుండా నిలబెట్టండి. చుక్క వెలిగించండి. మీరు చూడొద్దు. మీ ఫోన్ కెమెరాను ఆ అద్దానికి ఆనించి ఒక ఫోటో తీయండి. తర్వాత ఆ ఫోటోను బాగా పెద్దది చేసి చూడండి. ఫోటోలో చుక్క ఎట్లా ఉందో ఒక్క మాట రాస్తే చాలు.

మిగతా సంగతులు దాని తర్వాత.

గిరిజ

---

షెఫీల్డ్,
జూన్

గిరిజకు,

ఫోటో తీశాను. చుక్క గుండ్రంగానే ఉంది.

ఈ సైటు సంగతి ఇక వదిలేద్దాం. నాకూ వయసైంది, ఎవరికైనా ఒక రోజు ఆపాల్సిందే. నువ్వూ తోడల్లుడూ హాసినీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ ఎండలు బాగున్నాయి.

కిషన్‌రావు

---

కార్డిఫ్,
జూన్

బావా,

బావ అనే మాట దగ్గర కిషన్‌రావు అని సంతకం పెట్టారు. మీరు నా మీద అలిగారని తెలియడానికి అది చాలు. అలగండి. నేను ఈ ఒక్క ఉత్తరం మరదలిగా కాదు, కళ్ల డాక్టరమ్మగా రాస్తున్నాను.

ఫోటోలో గుండ్రంగా ఉండి, మీకు మిరపకాయలా కనబడితే సైటులో లోపం లేనట్టే. మన కంటి ముందు పొర ఫుట్‌బాల్‌లా గుండ్రంగా ఉండాలి. కొందరికి రగ్బీ బంతిలా కొద్దిగా సాగి ఉంటుంది. అప్పుడు వెలుగు చుక్క ఒకచోట కూడుకోక తోకలు లాగుతుంది. కార్డిఫ్‌లో ఈ పోలిక చెబితే చంటిపిల్లలకు కూడా అర్థమవుతుంది. దీన్ని ఆస్టిగ్మాటిజం అంటారు. మీరు డాక్టరు, మీకు ఈ మాట తెలుసు. తెలిసీ మూడు కంపెనీలను తిట్టారంటే, మీరు మిరపకాయకు కాక ఇంకేదో దానికి భయపడుతున్నారు.

సాగిన కన్నుకు సరైన కళ్లద్దాలు ఉన్నాయి. మందుల దుకాణంలో స్టాండు మీది నుంచి తీసుకునే చదువుకునే అద్దాలు కావవి. ముందు నేను చూడాలి. చూశాక ఏముంటే అదే చెబుతాను. కారు నడపకూడదంటే నడపకూడదనే చెబుతాను, మీ మరదలినని సగం చెప్పి సగం దాచను. అది ముందే తెలిసి రండి.

దేనికి భయం, బావా? ఆ ఒక్కటి నాకు రాయండి.

గిరిజ

---

షెఫీల్డ్,
జూలై

గిరిజా,

నీ ఉత్తరం రెండు వారాలు జేబులో పెట్టుకుని తిరిగాను. అలిగాననుకోకు. అలక పోయి చాలా రోజులైంది.

మా బాపు నీకు గుర్తుండడు. మీ అక్క కాపురానికి వచ్చేసరికే ఆయనకు చూపు లేదు. నేను ఎంబీబీఎస్‌లో చేరిన ఏడు మొదలైంది. ముందు పక్కన నిలబడ్డవాళ్లు కనబడడం మానేశారు, ఆ తర్వాత ఎదురుగా ఉన్నవాళ్లు. కంటిలో ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే గ్లకోమా. ఆ రోజుల్లో జగిత్యాలలో దాన్ని పట్టేవాడు లేడు. నేను కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే, చెప్పుల చప్పుడు విని, "కిషనా" అనేవాడు. నేను చప్పుడు చేయకుండా నిలబడితే ఆయనకు నేను లేనట్టే. అది తండ్రి నుంచి కొడుకుకు రావచ్చునని పుస్తకంలో చదివాను. చదివిన రోజు నుంచి కళ్ల డాక్టరు గది తలుపు తోయలేదు. ఆసుపత్రిలో పరీక్షలు చేయించుకోండని ఎందరికో చెప్పినవాణ్ని, ఆ ఒక్క తలుపూ దాటిపోయేవాణ్ని.

గాడి కనబడకపోతే ముసలితనం అనుకున్నాను. చుక్క గుండ్రంగా ఉందని ఫోటో చెప్పినప్పుడు నాకు మా బాపు గుమ్మం గుర్తొచ్చింది. అదీ సంగతి. నాకు భయంగా ఉంది గిరిజా, ఇంకోమాట లేదు.

ఆగస్టులో కార్డిఫ్ వస్తాం. మీ అక్కతో నీకు ఆవకాయ ఇవ్వడానికని చెప్పాను. ఆమె అప్పటికప్పుడే జాడీ మూతకు గుడ్డ కట్టడం మొదలుపెట్టింది.

బావ

---

కార్డిఫ్,
ఆగస్టు

బావకు,

మీరు వెళ్లిన రెండో రోజు ఇది. అక్క చేసిన సర్వపిండి ఇంకా మిగిలింది. నా గదిలో చెప్పిన మాటలు మీరు సగం వినలేదు, మొహం చూస్తే తెలిసింది. అందుకే అన్నీ మళ్లీ కాగితం మీద పెడుతున్నాను.

కంటిలోకి గాలి ఊదిన యంత్రం ఒత్తిడి చూసింది. అది మామూలుగా ఉంది. చిన్న వెలుగులు వచ్చినప్పుడల్లా మీట నొక్కమన్నది పక్క చూపు కోసం. పక్క చూపు నిండుగా ఉంది. కంటి వెనక నరం కూడా చూశాను, ఆరోగ్యంగా ఉంది. మీ బాపుకు వచ్చినది మీకు లేదు. ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ఇంట్లో ఉన్న జబ్బు కాబట్టి ఏటా వచ్చి చూపించుకోవాలి, ఆ ఆవకాయ బాడుగ మీకు తప్పదు.

ఉన్నవి రెండు. శుక్లం మొదలవుతోంది, చాలా లేత, ఇప్పుడేమీ చేయనక్కర్లేదు. కుడి కన్ను రగ్బీ బంతే, మంచి జట్టుకు ఆడగలిగినంత. కొత్త కళ్లద్దాలు పోస్టులో వస్తున్నాయి. అవి పెట్టుకుంటే కారుకు అడ్డు లేదు. మీ తుపాకీ సర్టిఫికెట్ రెన్యువల్‌కు మీ వీధి డాక్టరు, ఆ జీపీ, అడిగితే నా రిపోర్టు చూపించండి.

ఇప్పుడు సైటు మాట. తెరిచిన అద్దమే కొనండి. అది తేలిక, కిందికి కూర్చుంటుంది, కదిలే జింకకు అడ్డం రాదు. చుక్క చిన్నది వద్దు, పెద్దది తీసుకోండి. మీ కన్ను చిన్నదాన్ని మళ్లీ సాగదీస్తుంది, పెద్దదైతే అంచు కొద్దిగా చెదిరినా నడుమ నిలుస్తుంది. వెలుగు మాత్రం తగ్గించి పెట్టుకోండి. మగవాళ్లందరూ మీట ఆఖరుదాకా తిప్పి, తోకలొచ్చాయని ఏడుస్తారు. అద్దం మీద దుమ్ము పడకుండా రబ్బరు తొడుగు వాడండి. కళ్లద్దాలతోపాటు తుడిచే గుడ్డ కూడా పెడుతున్నాను.

మీరు పరీక్ష గదిలో గోడ మీది ఆఖరి వరుస చదివి బయటికి వచ్చినప్పుడు అక్క పత్రిక తలకిందులుగా పట్టుకుని ఉంది. మీరు చూడలేదు.

గిరిజ

---

షెఫీల్డ్,
అక్టోబరు

నా ప్రియమైన రగ్బీ సెలెక్టరుకు,

పోటీ అయింది. తీరిగ్గా కూర్చుని, ఒక గ్లాసు చాయ్ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. నువ్వూ అట్లాగే చదువు.

ముందు దసరా నుంచి మొదలుపెట్టాలి. మీ అక్క ఆయుధపూజకు ఇంట్లో ఉన్నవన్నీ బల్ల మీదికి తెచ్చింది. కారు తాళాలు, కత్తిపీట, కుట్టుమిషన్, నా పాత స్టెతస్కోపు, లాప్‌టాప్. రైఫిల్ కూడా తెమ్మంది. తుపాకీ బీరువా తాళం ఎక్కడుంటుందో ఆమెకు తెలియకూడదని చట్టం, అందుకని ఆమెను వంటింట్లోకి పంపి తీసుకొచ్చాను. అన్నిటికీ తడి కుంకుమ పెట్టింది. నాకు పెట్టబోతే ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టాను. ఆపరేషన్ థియేటర్ టోపీ కింద చెమటకు దురద పెడుతుందని మొదలైన అలవాటు, టోపీ పోయినా పోలేదు. హారతికి కళ్లు మూసుకున్నాను. తర్వాత సైటు మీద రబ్బరు తొడుగు వేసి, బీరువాలో పెట్టేశాను.

పోటీ రోజు సన్నగా జల్లు. నా వంతు వచ్చింది. నీ కళ్లద్దాలు పెట్టుకున్నాను, తొడుగు తీశాను, రైఫిల్ ఎత్తాను. అద్దం నిండా ఎర్రటి మబ్బు. జింక లేదు, గట్టు లేదు. చుక్క మాత్రం మబ్బు వెనక మునుగుతూ తేలుతూ ఉంది. కంటిలో రక్తం దిగిందనుకున్నాను. రైఫిల్ దించితే మబ్బు పోతోంది, ఎత్తితే వస్తోంది. ఆ రెండు ముక్కలు కలుపుకుని ఆలోచించే తెలివి ఆ నిమిషంలో డాక్టరుకు లేకపోయింది. మా బాపు గుమ్మం ఒక్కటే కళ్ల ముందుంది.

గొట్టాలు కిందికి వంచి, తూటాలు తీసేసి, మార్గరెట్ దగ్గరికి నడిచాను. నా కళ్ల పని అయిపోయింది, దీన్ని క్లబ్బుకే ఇచ్చేస్తానని చెప్పాను. ఆమె గళ్ల నుడికట్టు పూరిస్తూ చదువుకునే అద్దాలు పెట్టుకుని ఉంది. సైటు వైపు వంగి చూసింది.

"కిషన్, దీని మీద ఏదో అంటి ఉంది," అంది. "జామా?"

నీ కళ్లద్దాలు దూరానికి కదా, చేతికింద ఉన్నది నాకు కనబడలేదు. దగ్గరగా పట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి చూశాను. అద్దం నడిమధ్యన, కొలిచి పెట్టినట్టు, మీ అక్క పెట్టిన కుంకుమ బొట్టు. రబ్బరు తొడుగు కింద చక్కగా ఎండిపోయి ఉంది.

మార్గరెట్ చేతిరుమాలు తీసి తుడవబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాను. బొట్టు తుడవడం అనే మాటకు మన ఇళ్లలో ఉన్న అర్థం నీకు చెప్పక్కర్లేదు. ఆర్థర్ లేని మనిషికి దాన్ని నేనెట్లా చెప్పను? ఇది నా భార్య పెట్టింది, పారేయకూడదు అని మాత్రం అన్నాను. ఆమె రుమాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఉంగరం వేలు జల్లులో తడిపి, అద్దం మీది కుంకుమ దానికి ఎత్తుకున్నాను. వేలు మీద ఉన్నదాన్ని ఇంకెక్కడ పెట్టాలో తోచలేదు. నా నుదుటికే పెట్టుకున్నాను. మిగిలిన మరకను నీ గుడ్డతో శుభ్రం చేశాను.

వెనక్కి వెళ్లి నిలబడ్డాను. చుక్క గుండ్రంగా ఉంది గిరిజా. పండిన రేగుపండంత, కదలకుండా. జింక పరుగెత్తింది. కుడి గొట్టం దాని భుజంలోకి, సరిగ్గా చెక్క మీద గీసిన గుండె గీత లోపలికి పోయింది. ఎడమ గొట్టం వెనక తొడలో తగిలింది, నిజం జింకైతే నన్ను బతికినంతకాలం తిట్టుకునేది. రైఫిల్ దించేసరికి క్లబ్బులో కాల్పులను చూసుకునే రేంజి ఆఫీసరు మందుల పెట్టె పట్టుకుని ఉరుకుతూ వస్తున్నాడు. తన్నిన రైఫిల్ నుదురు చీల్చిందనుకున్నాడు, ఇక్కడ అది మామూలేనట. కూర్చోమంటాడు, తల ఎత్తమంటాడు, ఏ ఊరో చెప్పమంటాడు. ఇది రక్తం కాదు, నా భార్య అని నోరు జారాను. దాంతో తలకు గట్టి దెబ్బే తగిలిందని నిశ్చయించుకున్నాడు. మార్గరెట్ వచ్చి విడిపించింది. అంత నవ్వు ఆమె ఆర్థర్ పోయాక నవ్వడం నేను చూడలేదు.

బహుమతి రాలేదు. రైఫిల్ తిరిగి నా బీరువాలోనే ఉంది, అక్కడే ఉంటుంది. కారు దాకా నడిచేలోగా నుదుటి బొట్టును వాన కడిగేసింది. ఇంటికొచ్చి, అంత వస్తువులో అద్దం మీదే ఎందుకు పెట్టావని మీ అక్కను అడిగాను.

"ఎర్రబొట్టు అద్దమని మీరే అన్నరు గద," అని బియ్యం కడగడానికి పోయింది.

బావ

---

కార్డిఫ్,
అక్టోబరు ఆఖరు

బావకు,

మీ ఉత్తరం షాపులో చదివి నవ్వు ఆపుకోలేక, పరీక్షకు వచ్చిన పెద్దాయనకు క్షమాపణ చెప్పుకున్నాను. ఇది రక్తం కాదు, నా భార్య. ఈ మాట హాసినికి ఇంగ్లిష్‌లో చెప్పాను. తన బాయ్‌ఫ్రెండ్ ఎన్నడైనా అంత మాట అంటాడా అని ఆలోచనలో పడింది.

ఇక నేను కూడా ఒకటి చెప్పాలి. మీరు మొదటి ఉత్తరం రాయకముందే, ఫిబ్రవరిలో, అక్క నాకు ఫోన్ చేసింది. స్పీకర్ తీసేసి, గ్యారేజిలో నిలబడి. "మీ బావకు సరిగ కనవడ్తలేదే. టీవీ కింద అక్షరాలు చదువుతలేడు, నిద్రొస్తుందని సాకు చెప్తుండు. అడిగితె మింగుతడు. నువ్వే ఎట్లనన్న చెయ్యి. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు." ఎట్లా మొదలుపెట్టాలా అని నేను తల పట్టుకుని ఉంటే, మీ ఎర్రచుక్క ఉత్తరం దానంతటదే వచ్చి పడింది. తుపాకుల గురించి నాకేం తెలుసు బావా, రాత్రుళ్లు కూర్చుని చదివి మీకు జవాబులు రాశాను. షాపు కవర్ల సంగతి కూడా ఆమెకు తెలుసు. "చేత్తోటి అడ్రస్ రాసే కంపెనీ ఏడుంటదే" అని అడిగింది. అయినా ప్రతి కవరూ విప్పకుండా తెచ్చి మీ బల్ల మీదే పెట్టింది.

నిన్న ఆమెతో మాట్లాడాను. బొట్టు అద్దం మీదికి ఎట్లా పోయిందని నేనూ అడిగాను. మీకు చెప్పిన జవాబే ముందు నాకూ చెప్పింది. నేను వదలలేదు. వెనక కుక్కర్ కూత వినబడింది. తర్వాత అంది:

"ఆయన నొసటికి పెడ్తనంటె ఏనాడన్న నిలవడ్డడా? చెయ్యి అడ్డం పెడ్తడు. అందుకే ఆయన చూసేకాడ పెట్టిన."

ఆ బొట్టు చివరికి ఎక్కడికి చేరిందో మీరు ఆమెకు చెప్పలేదని మాటల్లో అర్థమైంది. నేను కూడా చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి మీరే చెప్పండి.

గిరిజ